నా నంబరు నువ్వు చెప్పెయ్

ముందుగా ఆ ఏడుకొండలవాడికి ఒక దణ్ణం పెట్టుకుని మొదలుపెడతాను. ఎందుకంటే ఈ కథలో ఆయన మీద వేసిన ఒట్టు ఒకటుంది. అబద్ధపు ఒట్టు. కాస్త దగ్గరికి జరగండి, గొంతు పెంచి చెప్పుకునే సంగతి కాదిది.

మే నెల. రాయ్‌పూర్ ఎండ ఎలాంటిదంటే, మధ్యాహ్నం మూడింటికి కుక్క కూడా మురిక్కాలవలోంచి లేవదు. భన్‌పురిలో లారీ షెడ్ల వెనక సందులో పున్నయ్య ఇల్లు. శ్రీకాకుళం నించి పాతికేళ్ల కిందట వచ్చి, ఉర్లాలో ఒక షెడ్డులో వెల్డింగు పని చేసుకుంటున్న మనిషి. ఆ ఇంటి ముందుగదిలో, కూలర్ ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో, పదహారేళ్ల యుగంధర్ కూర్చున్నాడు. గాలి తిన్నగా మొహానికే కొడుతోంది. అయినా చెమట ఆగట్లేదు.

గోడమీద కిరణ్ ఫోటో. యుగంధర్ ఈడువాడే. ఫోటోకి బొట్టుంది, దండ లేదు.

వాడి చూపు ఎటుందో కనిపెట్టి పున్నయ్య భార్య శ్రీలక్ష్మి అంది. "నీళ్లొదల్లేదు కదా బాబూ. నీళ్లొదలకుండా దండెలాగేస్తాం?"

యుగంధర్ తలొంచుకున్నాడు. వాళ్ల నాన్న భీమారావుది రైల్వేలో ఉద్యోగం, వీళ్లదీ శ్రీకాకుళమే. ఇద్దరు పిల్లలూ ఒకే బడి, ఒకే ట్యూషను, ఒకే సైకిలు. పోయినేడు ఇద్దరూ ఊళ్లోని ఒక ట్రెక్కింగు క్లబ్బువాళ్లతో హిమాలయాల్లో కొండ నడకకి వెళ్లారు. ఒక్కడే తిరిగొచ్చాడు. రెండోవాడి శరీరం కూడా దొరకలేదు.

శ్రీలక్ష్మి లోపలికెళ్లి ఒక స్టీలు డబ్బా, నల్లనువ్వుల పొట్లం తెచ్చి వాడి ఒళ్లో పెట్టింది. డబ్బాలో కిరణ్ బడిచొక్కా నించి చింపిన గుడ్డముక్క మడతపెట్టి ఉంది.

"గుడి పంతులుగారిని అడిగేను. శరీరం దొరకనప్పుడు, మనిషి ఆఖరుసారి పలికిన చోటినించి ఒక రాయి తెమ్మన్నారు. అందులోకి వాణ్ణి పిల్చి నువ్వులూ నీళ్లూ వదిల్తే దాహం తీరుతుందట. ఏడాదయిపోయొస్తోంది యుగంధరా. నా గుంటడు ఏడాదిబట్టీ దాహంతో ఉన్నాడు."

"తెస్తాను పిన్నీ."

"మళ్లీ ఆ కొండల్లోకి నిన్ను పంపమని మీ అమ్మ వీణ కాళ్లు పట్టుకున్నంత పని చేసేను. ఎందుకంటే ఆ చోటు నీకే తెలుసు. కనుమ మీదే కదా? లెక్కపెట్టినప్పుడు పలికేడు కదా? నువ్వు విన్నావు కదా?"

"విన్నాను పిన్నీ."

"రాయి తీసేక నేలమీద పెట్టకు. పొద్దుగూకే వేళ మూడు దోసిళ్లు నీళ్లు పొయ్యి. పోస్తూ 'కిరణూ, నీ చోటినించే తెచ్చేను, రా' అని పిలు. చోటు తప్పకూడదు బాబూ. చోటు తప్పితే ఆ రాయిలోకి వాడు రాడు."

గుమ్మం పక్కన నిలబడి ఇదంతా వింటున్న పున్నయ్య మధ్యలోనే వీధిలోకి వెళ్లిపోయాడు. ఆయన ఏడాదిగా అంతే.

* * *

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. ఆ డబ్బా ఒళ్లో పెట్టుకున్న పిల్లాడికి తప్ప ప్రపంచంలో ఇంకెవరికీ తెలియని సంగతి.

ఆ కొండ నడక పద్ధతి ఇదీ. రోజుకొక గుడిసె. రాతిగోడలు, రేకుకప్పు. పొద్దున్న ఒక గుడిసెలో లేచి, బరువులు మోసుకుని నడిచి, పొద్దుగూకేలోపు ఇంకో గుడిసె చేరాలి. దారి చూపేవాడు గిరిధర్, ఆ కొండల్లోనే పుట్టినవాడు. బయల్దేరేముందు ఒక్కొక్కరికీ ఒక నంబరిస్తాడు. వాగు దాటాక లెక్క, కనుమ ఎక్కాక లెక్క, సాయంత్రం గుడిసె తలుపు గడియ వేసేముందు లెక్క. మొహాలు చూడడు. పొగమంచులో మొహాలు ఎవరికి కనిపిస్తాయి? గొంతులు వింటాడు. లెక్క సరిపోతే గడియ పడుతుంది. పడ్డాక తెల్లారేదాకా తీయడు.

"ఎలుగులుంటాయి బేటా," అనేవాడు నవ్వుతూ. "పొద్దుగూకాక తలుపు కొట్టేది మనిషి కాదు. మనవాళ్లందరూ లోపలే ఉన్నారుగా!"

పోయినేడు పదకొండుమంది పిల్లలు. ఏక్, దో, తీన్ అని హిందీలో పోతుంది వరస. యుగంధర్ పదోవాడు, "దస్." ఆఖరున కిరణ్. వాడు మాత్రం హిందీలో చెప్పేవాడు కాదు. ఛాతీ ముందుకు పెట్టి, సాగదీసి, "పదకొండోయ్!" అనేవాడు. మిగతా పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. గిరిధర్ కూడా ఆ మాట కోసం ఎదురుచూసేవాడు.

కిరణ్ మెళ్లో ఒక ఈల. బజారులో కొన్నది కాదు, పున్నయ్య ఇనపరేకు వంచి తన చేత్తో అతికి చేసింది. లోపల చిన్న బేరింగు గుండు వేశాడు. ఊదితే కూత కంటే ముందు గరగరమని గుండు తిరిగే చప్పుడు వచ్చేది. అలాంటి ఈల భూమ్మీద ఇంకొకటి లేదు.

కనుమ కింద ఒక వాగు. వాగు పక్కన నల్లటి బండ. వాగు దాటి, లెక్క అయ్యి, కొంచెం పైకెక్కాక కిరణ్ మెడ తడుముకున్నాడు.

"అరే యార్... నాన్న ఈల పడిపోయింది. బండ దగ్గర నీళ్లు తాగానే, అక్కడే."

"వదిలెయ్‌రా."

"నాన్న చేసిందిరా. పరిగెత్తుకెళ్లి తెచ్చేస్తా. కనుమ మీద లెక్కపెడితే నా నంబరు నువ్వు చెప్పెయ్."

ఇందులో పెద్ద మోసమేమీ లేదు, అప్పటికి. శంకర్ నగర్ ట్యూషనులో వీళ్లిద్దరూ రోజూ చేసే పనే. సార్ తలెత్తకుండా రోల్ నంబర్లు చదువుతాడు, ఒకడు సమోసా బండి దగ్గరుంటే రెండోవాడు గొంతు మార్చి "ప్రెజెంట్ సార్" అంటాడు. రెండేళ్లుగా ఒక్కసారీ దొరకలేదు.

కనుమ ఎక్కేసరికి పొగమంచు కమ్మేసింది. చెయ్యి చాస్తే చెయ్యి కనపడదు. గిరిధర్ లెక్క మొదలుపెట్టాడు. యుగంధర్ "దస్" అన్నాడు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఛాతీ ముందుకు పెట్టి, సాగదీసి...

"పదకొండోయ్!"

పిల్లలు నవ్వారు. గిరిధర్ ముందుకు నడిచాడు.

ఇంతవరకూ పిల్లచేష్ట. పాపం ఆ తర్వాత చేశాడు. అవతలి గుడిసెకి చేరాక గంట గడిచింది. కిరణ్ రాలేదు. మంచు పడడం మొదలైంది. గిరిధర్ అందర్నీ నిలబెట్టి, యుగంధర్ భుజాలు పట్టుకుని అడిగాడు. "కనుమ మీద నీ పక్కనే ఉన్నాడా? చూశావా?"

చెప్పేస్తే అయిపోయేది. గిరిధర్ వాగు వైపు పరిగెత్తేవాడు. కానీ తిడతారని, ఇంటికి ఫోను చేస్తారని, తన వల్లే అంటారని ఆ పిల్లాడి నాలుక పిడచగట్టుకుపోయింది.

"ఉన్నాడు. నేను చూశాను."

రెండ్రోజులు కనుమకి ఈ పక్కనే వెతికారు. ఆ పక్క, వాగు దగ్గర, ఒక్కరూ చూడలేదు. ఎందుకు చూస్తారు? పిల్లాడు కనుమ దాటాడు కదా, పలికాడు కదా. మూడోరోజుకి మోకాలిలోతు మంచు. రాయ్‌పూర్ తిరిగొచ్చాక శ్రీలక్ష్మి వాడి చెయ్యి తన నెత్తిమీద పెట్టుకుని అడిగితే, "వెంకన్న మీద ఒట్టు పిన్నీ, నా పక్కనే ఉన్నాడు" అన్నాడు.

దేవుడు ఒట్టు విన్నాక వెంటనే ఏమీ అనడు. భయపడాల్సింది అక్కడే.

* * *

ఈ ఏడు ఎనిమిదిమంది పిల్లలు. క్లబ్బు తరఫున మురళీమోహన్ సార్. దారి చూపేది గిరిధరే. ఏడాదిలో జుట్టు సగం నెరిసిపోయింది. పిల్లల్లో యుగంధర్ ఆఖరివాడు, ఎనిమిదో నంబరు. వాడి ముందు పూర్ణిమ, ఏడు. రైల్వే కాలనీ పిల్లే, వాగుడుకాయ.

మొదటి గుడిసెలో టీ గ్లాసు చేతికిస్తూ గిరిధర్ మెల్లిగా అడిగాడు. "బేటా, ఒక్క మాట. ఊళ్లో నన్ను పిల్లాణ్ణి పోగొట్టినవాడంటారు. ఒక సీజను మొత్తం పని ఇవ్వలేదు. కానీ నా చెవులు తప్పు వినలేదు. 'పదకొండోయ్' అన్నాడు. నువ్వూ విన్నావు కదా?"

"విన్నాను భాయ్."

గిరిధర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "బతికించావు," అన్నాడు.

యుగంధర్ ఆ టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాడు.

మూడోరోజు మధ్యాహ్నం వాగు వచ్చింది. నల్లబండ అలాగే ఉంది. ఎండ కాస్తోంది, నీళ్లు తళతళలాడుతున్నాయి. అక్కణ్ణించి ఒక్క గులకరాయి తీసి డబ్బాలో వేసుకుంటే చాలు. శ్రీలక్ష్మి అడిగిన రాయి అదే. కిరణ్ ఆఖరుసారి పలికిన చోటు అదే. యుగంధర్ వంగాడు. చెయ్యి నీళ్లదాకా వెళ్లింది.

"ఏం వెతుకుతున్నావు బేటా?" వెనకనించి గిరిధర్.

రాయి కనుమ మీద తీయాలని గిరిధర్‌కీ తెలుసు. శ్రీలక్ష్మి ఫోనులో మరీమరీ చెప్పింది. ఇక్కడ తీస్తే ఎందుకని అడుగుతాడు.

"బూటు లేసు భాయ్."

లేసు కట్టుకుని లేచాడు. రెండడుగులు వేశాడో లేదో... బండ వెనకనించి... గరగరమని చిన్న చప్పుడు. తర్వాత సన్నటి కూత.

"ఏదో పిట్ట," అంది పూర్ణిమ తలతిప్పి. "గొంతులో గులకరాయి పడినట్టుంది పాపం."

యుగంధర్ తిరిగి చూడలేదు.

కనుమ మీదికి వచ్చేసరికి మళ్లీ పొగమంచు. అందరూ గుండ్రంగా నిలబడ్డారు. గిరిధర్ టోపీ తీశాడు. మురళీమోహన్ సార్ కళ్లు మూసుకున్నాడు. పూర్ణిమ లోగొంతుతో శివనామం చెప్పుకుంటోంది. యుగంధర్ వంగి కాళ్ల దగ్గరున్న రాయొకటి తీసి, గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి మూత బిగించాడు. పిడికెడు రాయి. తేలిగ్గా, పొడిగా ఉంది, ఎవరిదీ కానట్టు.

"లెక్క," అన్నాడు గిరిధర్ మంచులోంచి.

ఏక్. దో. తీన్. చార్. పాంచ్. ఛే.

"సాత్!" అంది పూర్ణిమ.

యుగంధర్ ఊపిరి పీల్చుకున్నాడు. నోరు తెరవబోయాడు.

"ఆఠ్."

ఎడమ చెవి పక్కనించి వచ్చింది. వాడి గొంతే. వాడి యాసే. వాడు మాత్రం ఇంకా పెదవి కదపలేదు.

"శాబాష్, ఛలో," అని గిరిధర్ దిగడం మొదలుపెట్టాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఏమనుకుంటారు? లెక్క సరిపోయింది.

* * *

నాలుగో గుడిసె. కిరోసిను స్టవ్వు వాసన, తడిసిన ఉన్ని వాసన, నూడుల్స్ ఉడుకుతున్న వాసన. ఆరున్నర దాటింది. బయట వెలుతురు పోలేదు గానీ, అది వెలుతురని చెప్పడానికీ లేదు. పాలలో ముంచినట్టు తెల్లటి చీకటి.

యుగంధర్ డబ్బా, నీళ్ల సీసా, నువ్వుల పొట్లం తీసుకుని లేచాడు.

"నేనూ రానా?" అంది పూర్ణిమ. "ఒక్కళ్లు వెళ్లకూడదన్నారు కదా."

"ఇక్కడే, గోడ వెనకే. రెండు నిమిషాలు."

"రాయితో మాట్లాడాలా? సిగ్గా? సరే పో. తొందరగా రా, లెక్క టైమయింది."

గోడ వెనక గాలి లేదు. డబ్బా మూత తీశాడు. రాయిని ఎడమచేతిలో పెట్టుకున్నాడు. నువ్వులు కలిపిన నీళ్లు పోస్తూ...

"కిరణూ... నీ చోటినించే తెచ్చాను. రా."

నీళ్లు రాయికి అంటలేదు. చేమాకు మీద పోసినట్టు ముత్యాల్లా చుట్టుకుని జారిపోయాయి. ఒక్క నువ్వుగింజ కూడా నిలవలేదు. రెండో దోసిలి పోశాడు. రాయి పొడిగానే ఉంది. మూడోది.

"నీ చోటినించే..."

గరగర.

దూరంగా, పైన, కనుమ దగ్గర. తర్వాత కూత.

సీసా జారి కింద పడింది.

గరగర. ఈసారి దగ్గర్లో. రాళ్ల మీద బూట్ల చప్పుడు. ఒక బూటు లేసు ఊడి నేలమీద ఈడ్చుకుంటున్న చప్పుడు. వాగునీళ్ల వాసన... ముక్కుకి పట్టేసింది.

యుగంధర్ డబ్బా మూసేసి గోడ తడుముకుంటూ తలుపు వైపు కదిలాడు. గోడకి చెయ్యి ఆనించి నడిస్తే తలుపు రావాలి. మూల వచ్చింది. తిరిగాడు. ఇంకో మూల. తిరిగాడు. ఇంకోటి. ఇంకోటి. గుడిసెకి నాలుగే మూలలు. ఐదోది కూడా దాటాడు. తలుపు రాలేదు. వెనక లేసు ఈడ్చుకుంటూనే ఉంది.

లోపలినించి గిరిధర్ గొంతు. "లెక్క!"

"ఆగండి! భాయ్, నేను బయటున్నా!" అని అరిచాడు. అరుపు ఆ తెల్లదనంలో దూదిలో గుచ్చిన సూదిలా దిగిపోయింది.

ఏక్... దో... తీన్... చార్...

ఆరో మూల. చేతికి చెక్క తగిలింది. తలుపు!

పాంచ్... ఛే... "సాత్!"

యుగంధర్ గుప్పిళ్లతో తలుపు బాదాడు.

"ఆఠ్," అంది లోపల యుగంధర్ గొంతు.

గడియ పడింది.

తలుపు అవతల స్టవ్వు బుసబుసలాడుతోంది. గిన్నెల చప్పుడు. మురళీమోహన్ సార్ అన్నాడు, "గిరిధర్, తలుపు ఏదో గీకుతున్నట్టుంది."

"ఎలుగయి ఉంటుంది సార్. మనవాళ్లందరూ లోపలే ఉన్నారుగా."

"అందరూ ఉన్నారా?" పూర్ణిమ గొంతు.

దానికి జవాబు... తాపీగా... వాడి గొంతులోనే...

"ఉన్నారు. నేను చూశాను."

అవి ఎవరి మాటలో, ఎప్పటి మాటలో, వాడికి తెలుసు. గుమ్మం ముందు కూలబడ్డాడు. ఎంతసేపో తెలీదు. లోపల నవ్వులు అణిగాయి, స్టవ్వు ఆగింది, ఒక్కొక్కరే సర్దుకున్న చప్పుళ్లు. మంచు పడడం మొదలైంది. తలుపు చెక్కల మధ్య సన్నటి సందుంది. అందులోంచి ఊపిరి తగిలింది. చల్లటి ఊపిరి, లోపలినించి.

"యుగీ."

అలా పిలిచేవాడు ఒక్కడే.

"కిరణ్... తలుపు తియ్‌రా..."

"తీస్తా. ముందు చెప్పు. నా నంబరు ఎవడు చెప్పాడు?"

"నేనే. నువ్వే కదరా చెప్పమన్నావు..."

"అది సరే. దానికి నీమీద కోపం లేదు. తర్వాత అడిగినప్పుడు?"

యుగంధర్ ఏడుస్తున్నాడు. "అబద్ధం చెప్పాను."

"బండ కింద కాలు ఇరుక్కుందిరా. ఈల దొరికింది, చేతిలోనే ఉంది. రెండు రోజులు ఊదాను. ఎవరూ ఇటు రాలేదు. వాగు పక్కనే... అయినా అందలేదు. ఎంత దాహమో నీకు తెలీదు."

"క్షమించురా. పిన్నికి చెప్తాను. గిరిధర్ భాయ్‌కి చెప్తాను. అందరికీ చెప్తాను. వెంకన్న మీద ఒట్టు..."

సందులోంచి చిన్న నవ్వు.

"ఆ ఒట్టు ఇదివరకే వాడేశావు కదరా."

మంచు రాలే చప్పుడు కూడా ఆగిపోయింది.

"పోన్లే. ఇవాళ నా చోటు పక్కనించే వెళ్లావు. వంగావు కూడా. ఒక్క రాయి తీసుంటే వచ్చేసేవాణ్ణి, అమ్మ చేతి నీళ్లు తాగి వెళ్లిపోయేవాణ్ణి." ఊపిరి ఇంకా దగ్గరికొచ్చింది. "ఇంక నువ్వు కష్టపడకు. ఇకనించి నీ నంబరు నేను చెప్తా."

గడియ లేచింది. తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో ఎవరూ లేరు. అందరూ నిద్రపోతున్నారు. వాడి పడక మీద స్లీపింగ్ బ్యాగు జిప్పు మెడదాకా వేసి ఉంది. జిప్పు కిందికి లాగాడు. లోపల ఖాళీ. చెయ్యి పెడితే నీళ్లు, సన్నటి ఇసక.

* * *

తెల్లారాక మంచి ఎండ కాసింది. దేవుడిచ్చిన ఉదయం అంటారే, అలాంటిది. యుగంధర్ తిన్నగా గిరిధర్ దగ్గరికి వెళ్లాడు. నిశ్చయించుకునే వెళ్లాడు. ఆ మాటకి నేను సాక్ష్యం చెప్తాను, ఆ పిల్లాడు ఆ పొద్దున నిజం చెప్పాలనే వెళ్లాడు.

"ఏం బేటా, మొహం అలా ఉంది? నిద్ర పట్టలేదా?"

వాడు నోరు తెరిచేలోపు, "బాగా పట్టింది భాయ్," అని వాడి గొంతే వినిపించింది. గిరిధర్ నవ్వి, భుజం తట్టి, కట్టెలు ఏరుకోవడానికి వెళ్లిపోయాడు.

కాగితం మీద రాద్దామనుకున్నాడు. రాశాడు. జేబులోనే తడిసి ముద్దయిపోయింది. రైల్లో మళ్లీ రాశాడు. రాయ్‌పూర్ చేరేలోపు మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ జేబులోంచి ముద్దే వచ్చింది, వాగు వాసనతో.

స్టేషన్లో మురళీమోహన్ సార్ పేర్లు పిలిచాడు. ఎనిమిదికి ఎనిమిదీ పలికాయి.

ఇంటికి కూడా వెళ్లకుండా, బూట్లతోనే, ఆటోలో భన్‌పురి వెళ్లాడు. పంతులుగారు వచ్చి కూర్చున్నారు. దర్భలు, చెంబు, పళ్లెం సిద్ధంగా ఉన్నాయి. దండ బుట్టలో ఉంది. పున్నయ్య పంచె కట్టుకుని కొడుకు ఫోటో ముందు నిలబడ్డాడు. శ్రీలక్ష్మి ఎదురొచ్చి డబ్బా రెండు చేతులా అందుకుంది.

"వాడి చోటిదేనా బాబూ?"

యుగంధర్ ఆమె కాళ్ల మీద పడ్డాడు. కాదు పిన్నీ, కాదు, వాగు దగ్గరుండిపోయాడు, నేనే అబద్ధం చెప్పాను... గుండెలో ఒక్కో మాటా వరసగా ఉంది. నోరు తెరిచాడు.

"అక్కడిదే పిన్నీ. వెంకన్న మీద ఒట్టు."

శ్రీలక్ష్మి వాణ్ణి లేవదీసి గుండెకి హత్తుకుంది. "ఏడవకు నాయినా. నువ్వు లేకపోతే నా గుంటడికి ఈ నీళ్లు కూడా లేవు."

పున్నయ్య రాయి మీద నీళ్లు వదిలాడు. నీళ్లు ముత్యాల్లా చుట్టుకుని జారిపోయాయి. మళ్లీ వదిలాడు. మళ్లీ జారిపోయాయి. ఉర్లాలో పాతికేళ్లుగా ఇనుముతో పనిచేసిన ఆ చేత్తోనే రాయిని తడిమి చూశాడు.

"తాగట్లేదేటి పంతులుగారూ?" అన్నాడు.

"కొండరాయి కదా నాయనా, నున్నగా ఉంటుంది," అన్నారాయన. అని, ఉత్తరీయం భుజాల చుట్టూ కప్పుకున్నారు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో.

ఫోటోకి దండ వేశారు.

యుగంధర్ ఎలా నడిచొచ్చాడో వాడికే తెలీదు. మధ్యాహ్నం పన్నెండున్నర. రైల్వే కాలనీలో ఈగ కూడా కదలట్లేదు. వాళ్ల క్వార్టరు తలుపు బార్లా తెరిచి ఉంది. వాకిట్లో నిలబడి, వంగి, బూటు లేసు విప్పుతున్నాడు. లోపల పప్పుచారు తాలింపు వాసన. ఈ ఒక్క మనిషికి చెప్పేస్తే చాలు. అమ్మ కదా. నోటితో కాకపోతే కళ్లతో చెప్తాడు. అమ్మ గ్రహిస్తుంది.

"యుగంధరా! అన్నానికి రారా!" వంటింట్లోంచి వీణ పిలిచింది.

"వస్తున్నానమ్మా!"

జవాబు లోపలినించి వెళ్లింది. వాకిట్లో పిల్లాడి పెదవులు కదల్లేదు.

కంచం పెట్టిన చప్పుడు. గరిటె చప్పుడు. తర్వాత తల్లి నవ్వు, ఇన్ని రోజుల బెంగ తీరిన నవ్వు.

"అప్పుడే వచ్చి కూర్చున్నావా? స్నానం చేశావు కాబోలు, తల తుడుచుకోరా, నీళ్లు కారుతున్నాయి. ఉండు, ఆ తలుపేసి వస్తా, వడగాలి కొడుతోంది."

అడుగులు దగ్గరికొచ్చాయి. యుగంధర్ లేచి నిలబడ్డాడు, కళ్లెత్తి చూశాడు. వీణ గుమ్మందాకా వచ్చింది. ఎండలోకి చెయ్యడ్డం పెట్టుకుని చూసింది, తిన్నగా వాడి వైపే. వాకిట్లో ఎవరూ లేనట్టు ఇటూ అటూ చూసింది.

తలుపు మూసింది.

గడియ పడింది.